ఇంద

ఆరూ పదికి కంపెనీ బస్సు
కయల్విళిని ఎక్కించుకుని పోతుంది.
ఆ తర్వాత ఈ కొరట్టూరు ఇంట్లో
నేనూ, ఏడేళ్ళ యాళినీ, ఒక దువ్వెనా.

రెండు జడలు, నీలం రిబ్బన్లు.
కార్పొరేషన్ బడి రూలు.
తండ్రి పోయిన పిల్లకీ రూలు రూలే,
తండ్రి చోట్లోకి వచ్చినోడికీ రూలు రూలే.

అంబత్తూరు ఎస్టేటులో ఇరవై రెండేళ్ళుగా
లేతు మీద ఇనుము తిప్పుతున్నోణ్ణి.
వెంట్రుకలో సగం తేడా వచ్చినా
పీసు పక్కన పారేసేవాణ్ణి.
తీరా వెంట్రుకే చేతికొచ్చేసరికి
పది వేళ్ళూ పది మొద్దులు.

మొదటి వారం ఒక జడ చెవి మీద,
ఇంకోటి మెడ మీద.
కుళాయి దగ్గర ఆడాళ్ళు నవ్వారు.
పై వాటా దేవకమ్మది మా నాయుడుపేట వైపే.
"చిక్కు పైనించి లాగితే ఏడుపొస్తుంది నాయనా,
కింద నించి తీసుకుంటా పైకి పో.
పసిదాని నెత్తి అది,
ముందు గోనెపురి మీద నేర్చుకో" అంది.

రాత్రిళ్ళు కిటికీ ఊచకి పురి కట్టి
మూడు పాయలు అల్లేవాణ్ణి.
విప్పేవాణ్ణి. మళ్ళీ అల్లేవాణ్ణి.
కయల్విళి దోమల బ్యాటు పట్టుకుని
నవ్వాపుకుంటా నాకు కాపలా.

నిజం చెప్పాలి.
ఆ పిల్ల మీద నాకు అప్పటికి ప్రేమ లేదు.
జాలి ఉండేది. కొంచెం భయం.
వాళ్ళమ్మంటే ఇష్టం; ఆ ఇష్టంలో
ఈ పిల్ల వాటా ఎంతో తేలని లెక్క.
ప్రేమ పుట్టాక చేద్దాంలే అని కూర్చుంటే
బడి గంట కొట్టేస్తారు గదా,
అందుకని నూనె గిన్నె తీశాను.

రోజూ అదే. కొబ్బరినూనె, పాపిడి,
మూడు పాయలు, మళ్ళీ మూడు పాయలు.
నీళ్ళ లారీ వచ్చిన రోజు బిందెల మధ్య పరుగెత్తి వచ్చి,
జ్వరం రోజు గోడకి ఆనుకుని,
తుఫానని బడికి సెలవిచ్చినా
చెయ్యి ఊరుకోక ఒక జడ.

పిల్ల మాట్లాడేది కాదు.
అద్దంలో నన్ను కాదు, నా చేతుల్ని చూసేది.
నేనూ తన మొహం వదిలేసి
పాపిడి వంకరే చూసేవాణ్ణి.
అయినా మెడ వెనక చిన్న పుట్టుమచ్చ ఉందనీ,
ఎడమ వైపు జుట్టే ఒత్తనీ,
లెక్కల పరీక్ష రోజు భుజాలు బిగిస్తుందనీ
ఎప్పుడో తెలిసిపోయింది.
తెలుసుకోవాలని నేనేం కూర్చోలేదు.

ఒకరోజు ఓవర్‌టైము డబ్బులు కోసేశారు.
ఆ కోపం దువ్వెనలోకి దిగింది.
లాగాను. బిగించాను.
అద్దంలో రెండు కళ్ళూ నిండాయి గానీ
నొప్పని ఒక్క ముక్క అనలేదు.
నొప్పి చెప్పుకునేంత దగ్గరోణ్ణి
ఇంకా కాలేదన్నమాట.

మర్నాడు తనే ఏదో పోనీ కట్టుకుని పోయింది.
ప్రేయరులో నిలబెట్టారట, వాళ్ళమ్మ చెప్పింది.
ఆ రోజు లేతు ముందు
మూడు పీసులు పాడు చేశాను.

తెల్లారి దువ్వెన కడిగి,
నూనె గిన్నె పక్కన పెట్టి,
గడప మీద ఊరికే కూర్చున్నా.
పిలవలేదు. పిలిచే మొహం ఎక్కడిది?
ఏడూ ఇరవై. పాల సైకిలు పోయింది.
ఏడున్నర.
వెనక చిన్న అడుగులు.
నా భుజం మీదుగా దువ్వెన వచ్చింది.
"ఇంద" అంది.

తమిళంలో అన్నది ఆ పిల్ల.
మా అమ్మ సంగటి ముద్ద చేతిలో పెడతా
అనే మాటా అదే. ఇంద.
ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో రెండు భాషల మధ్య తడబడ్డానే,
ఈ మాట రెండిళ్ళదీ అని
ఒక్కరన్నా చెప్పలేదు.

నాన్నా అనలేదు. అప్పా అనలేదు.
అంటుందో లేదో తెలీదు,
ఈ మధ్య ఎదురుచూడ్డం కూడా మరిచిపోతున్నా.

రేపు ఆరూ పదికి బస్సు పోతుంది.
ఎడమ వైపు పాయ
కొంచెం వదులుగా పట్టాలి.